మేనమామ జబ్బు మేనల్లుడి చదువుకు అడ్డమా?

ప్రశ్న: మాది పరకాల. మా తమ్ముడికి డిగ్రీలో ఉండగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు వచ్చింది. పదిహేనేళ్లుగా వరంగల్ ఎంజీఎంలో చూపించి మందులు వాడుతున్నాం. మా బాబు ఇంటర్ బైపీసీ పూర్తి చేశాడు, నీట్ లాంగ్ టర్మ్ కోసం హాస్టల్‌కు పోతానంటున్నాడు. "వాడిది మేనమామ పోలిక, అంత టెన్షన్ పడదు, ఊర్లోనే ఏదో ఒకటి చదివించు" అని మా అత్తమ్మ అంటోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మామకు జబ్బు ఉందన్న ఒక్క కారణంతో బాబును ఆపకండి. ఇది అత్తమ్మగారికి కూడా చదివి వినిపించండి. ఆమె భయం మనవడి మీద ప్రేమతో వచ్చిందే.

మామూలుగా 100 మందిలో సుమారు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుంది. యూరప్ కుటుంబాల మీద 1920 నుంచి 1987 వరకు జరిగిన అధ్యయనాలను ఇర్వింగ్ గాట్స్‌మన్ అనే అమెరికా సైకాలజిస్టు ఒకచోట కూర్చారు. తోడబుట్టినవాళ్లకు ఉంటే 100లో 9 మందికి, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే 13 మందికి, మేనమామకో చిన్నాన్నకో ఉంటే నలుగురికి వచ్చినట్టు అందులో తేలింది. అంటే మీ బాబు లాంటి పిల్లల్లో 96 మందికి రాలేదు. అచ్చం ఒకేలా పుట్టిన కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవారికి వచ్చింది దాదాపు సగం జంటల్లోనే. అంతా రక్తంలోనే రాసి ఉంటే అలా జరగదు కదా.

అయితే ఆ నాలుగు అన్నది ఒక్క మామను చూసి చెప్పిన లెక్క. మీ ఇంటి లెక్క కావాలంటే తెల్ల కాగితం మీద వంశవృక్షం గీయాలి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. జబ్బు ఉన్నవాళ్లది నింపాలి, చనిపోయినవాళ్ల మీద అడ్డగీత కొట్టాలి. మేనరికమైతే భార్యాభర్తల మధ్య జంట గీత గీయాలి. మన దగ్గర ఈ జంట గీత తరచూ పడుతుంది. అప్పుడు ఒకే మనిషి రెండు వైపుల నుంచీ చుట్టమవుతాడు, డాక్టరుకు అది తెలియాలి. జబ్బు ఏ వయసులో మొదలైంది, ఆసుపత్రిలో చేర్చారా, ఇప్పుడెలా ఉన్నారు అన్నవి పక్కన రాయండి. బాగున్నవాళ్లను చాలామంది వదిలేస్తారు, వాళ్లను కూడా వేయాలి. పదిమందిలో ఒకరికి ఉండటం వేరు, ముగ్గురిలో ఇద్దరికి ఉండటం వేరు. తండ్రి వైపు కూడా ఇలాగే గీయాలి.

ఇలా అడిగి రాసుకునే పద్ధతికి 1977లోనే నాన్సీ ఆండ్రియాసన్ అనే అమెరికా సైకియాట్రిస్టు బృందం నియమాలు రాసింది. ఒక్కరినే అడిగితే లేని జబ్బును ఉందనడం తక్కువ, ఉన్నదాన్ని చెప్పకపోవడం ఎక్కువ. కాబట్టి కనీసం ఇద్దరు పెద్దవాళ్లను అడగండి. ఎలా అడుగుతామన్నది కూడా ముఖ్యమే. హన్మకొండలో నా దగ్గరికి వచ్చిన ఒక అవ్వను మానసిక జబ్బు ఎవరికైనా ఉండేదా అంటే "లేదు బిడ్డా" అంది. ఇల్లిడిచి పోయినవాళ్లు, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నవాళ్లు ఉన్నారా అని అడిగాను. కొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు ఊరుకుని, "మా పెద్దన్నకు గాలి సోకిందనేటోళ్లు. నాలుగేండ్లు గడప దాటలే" అంది.

అలాగని అన్నీ నింపేయకూడదు. మేడారం జాతరలో పూనకం వచ్చి శిగమూగడం జబ్బు కాదు. అప్పులపాలై పురుగుల మందు తాగిన పత్తి రైతు పక్కన ఆత్మహత్య అని రాయాలి, స్కిజోఫ్రీనియా అని కాదు. గుడుంబా అలవాటును కూడా వేరుగా రాయాలి.

ఆ కాగితం పట్టుకుని మీ తమ్ముడిని చూసే డాక్టరునే ఒకసారి కలవండి. జన్యు పరీక్షతో ముందే చెప్పేస్తామని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి. ఈ జబ్బుకు కారణం ఏదో ఒక్క జన్యువు కాదు, ఫలానా మనిషికి వస్తుందో రాదో చెప్పే పరీక్ష లేదు.

ఇక హాస్టల్ సంగతి. మీరు నీట్ మార్కులు రాయలేదు. లాంగ్ టర్మ్ పెట్టించాలా వద్దా అన్నది ఆ మార్కులు, బాబు ఇష్టం చూసి తేల్చాలి. సీటుకు మరీ దూరంలో ఉంటే ఎప్‌సెట్‌తో అగ్రికల్చర్, ఫార్మసీ కూడా ఆలోచించండి. పంపేట్టయితే రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెట్టి ఐదింటికి లేపే చోటు వద్దు, నిద్ర ఉండాలి. గంజాయి ఈ ముప్పును పెంచుతుంది, అతను దాని జోలికే పోకూడదు. ఆ మాట నాన్నతో సూటిగా చెప్పించండి. మామ జబ్బు సంగతి హాస్టల్ వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

స్నానం మానేయడం, స్నేహితులను వదిలేయడం, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారనడం, ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయనడం... ఇలాంటివి కనిపిస్తే పరీక్షలయ్యాక చూద్దాం అనుకోవద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఒక మాట మిగిలింది. కాగితం గీసేటప్పుడు బాబును పక్కన కూర్చోబెట్టుకోండి. మామ చతురస్రం అతని చేతనే నింపించండి. మామ డిగ్రీలో ఏం చదివాడో, జబ్బు ఎలా మొదలైందో, మందులతో ఇప్పుడెలా ఉన్నాడో మీరే చెప్పండి. ఇన్నేళ్లూ అది అతని చెవిన పడింది గుసగుసగానే.