ఆ రాత్రి మీ ఆవిడ తిన్నదా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విజయవాడ గాంధీనగర్‌లోని ఒక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. దసరాకి రూములన్నీ ఫుల్. ఆధార్ అడిగితే ‘మేం దొంగల్లా కనిపిస్తున్నామా?’ అంటారు. గది 12 గంటలకని చెప్పినా వినరు, తెల్లవారుజామునే వచ్చి ఇప్పుడే ఇమ్మని కేకలేస్తారు. మూలా నక్షత్రం రోజు ఒకాయన రూమ్ తాళం నా ముఖాన విసిరాడు. మేనేజర్ నా చేతే సారీ చెప్పించాడు. ఆ టెన్షన్‌లో ఇంటికొచ్చాను. పెరుగు అయిపోయిందని మా ఆవిడ చెప్తే కంచం నెట్టేశాను. అప్పటి నుంచి తను ముభావంగా ఉంటోంది. ఎనిమిదేళ్ల పాప నేను రాగానే లోపలి గదిలోకి వెళ్లిపోతోంది. ఇలాంటి కస్టమర్ల దగ్గర పరువు నిలబెట్టుకోవడం ఎలా? ఉద్యోగం మానేయమంటారా?

జవాబు: బాబూ, నా చిన్న కొడుకు వయసువాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

కస్టమర్ల సంగతి ముందు తేల్చేద్దాం. ఆధార్ రూలు, గది ఇచ్చే టైము పెద్ద అక్షరాలతో రాయించి కౌంటర్ మీద పెట్టించు. వాళ్లు గొంతు పెంచితే నువ్వు తగ్గించు. వస్తువులు విసిరేదాకా వస్తే మాత్రం మేనేజర్‌ని కౌంటర్ దగ్గరికి పిలువు, జరిగింది డ్యూటీ బుక్‌లో టైముతో సహా రాసిపెట్టు. ఉద్యోగం మానొద్దు. అమ్మవారి దర్శనానికి అంత జనం వచ్చే రోజున ఈ ఊళ్లో ఏ హోటల్ కౌంటరైనా అలాగే ఉంటుంది. నీ ప్రశ్నకి జవాబు ఇంతే.

నా మనసు ఆ కంచం దగ్గరే ఆగిపోయింది. తాళం విసిరినవాడి గురించి అంత రాశావు, కంచం గురించి ఒక్క ముక్క రాసి దాటేశావు. ఆ మెతుకులు ఎవరు ఎత్తారు? పాప చూస్తుండగానే కదూ? నువ్వు వచ్చాక తిందామని కూర్చున్న మనిషి ఆ రాత్రి తిన్నదా? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ మాట ఎక్కడా లేదు.

మా నాన్నగారికి కోపమొస్తే అన్నం ముందు నుంచి విసురుగా లేచిపోయేవారు. మా అమ్మ మంచినీళ్లు తాగి పడుకునేది. మేం పిల్లలం దుప్పటి కప్పుకుని నిద్ర నటించేవాళ్లం. నాకు అరవై దాటాయి. ఇప్పటికీ వంటింట్లో గిన్నె గట్టిగా చప్పుడైతే గుండె ఝల్లుమంటుంది. మీ పాప లోపలి గదిలోకి ఎందుకు వెళ్తోందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ కస్టమర్ నిన్ను ఎందుకు అనగలిగాడు? నువ్వు తిరిగి అనలేవని తెలుసు కాబట్టి. మీ ఆవిడ మీద నువ్వు చేసింది సరిగ్గా అదే. నీకైతే షిఫ్ట్ అయ్యాక బయటపడే వీలుంది, ఆవిడ ఎక్కడికి పోతుంది? ఒక్క కంచానికి కేసని బెదిరించడం లేదు గానీ, 2005 నాటి గృహహింస చట్టం భార్యని అవమానించడాన్ని కూడా హింస కిందే లెక్కగట్టింది. పెళ్లాం మీద కోపం చూపించడం మగవాడి హక్కు అనుకునే ఇళ్లలో పెరిగాం మనమంతా. నేను దాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. పరబ్రహ్మ స్వరూపమని కళ్లకద్దుకునే అన్నాన్ని, వండిన మనిషి ఎదుటే నెట్టేశాక, పరువు గురించి కౌంటర్ దగ్గర వెతికి ఏం లాభం?

తప్పు లేకపోయినా ఎవరో పరాయివాడికి సారీ చెప్పావు. తప్పు చేసిన చోట ఇన్నాళ్లూ నోరు రాలేదు. ఈ రాత్రే చెప్పు. పడకగదిలో గుసగుసగా కాదు, పాప వినేలా చెప్పు. ‘టెన్షన్‌లో ఉన్నాను’ అని మొదలుపెట్టకు. ‘అలా చేయకూడదు, తప్పు నాదే’ అను చాలు. తను వెంటనే మాట్లాడకపోతే విసుక్కోకు, నాలుగు రోజులు పట్టనీ.

ఇకనుంచి డ్యూటీ దిగగానే బండి తీయకు. ముఖం కడుక్కుని, యూనిఫాం మార్చుకుని, పది నిమిషాలు ఊరికే కూర్చో. తర్వాత ఇంటికి ఫోన్ చేసి ‘తిన్నావా, ఏమైనా తేవాలా?’ అని అడుగు. పెరుగు లేదంటే దారిలో ఒక పాకెట్ తీసుకెళ్లు. కంచాలు నువ్వే పెట్టు, ఆవిడని కూర్చోమను.