నికోటిన్ లేని వేప్ అయితే అమ్మొచ్చా?

అమ్మకూడదు. నికోటిన్ ఉన్నా లేకపోయినా వేప్ (ఈ-సిగరెట్) అమ్మడం 2019 నుంచి దేశమంతటా నేరమే. విజయవాడ బీసెంట్ రోడ్డయినా, గుంటూరు అరండల్‌పేటయినా ఒకటే రూలు.

చట్టం చూసేది లోపలి ద్రవాన్ని కాదు, పరికరాన్ని. ఒక పదార్థాన్ని కరెంటుతో వేడిచేసి, పీల్చడానికి ఆవిరి పుట్టించేదేదైనా నిషేధం కిందికి వస్తుంది. ఈ-హుక్కా కూడా అంతే. చట్టాన్ని ఇలా రాయడమే తెలివైన పని అనిపిస్తుంది. రంగురంగుల చిన్న గొట్టం చూసి అందులో నికోటిన్ ఉందో లేదో తనిఖీకి వచ్చినవాళ్లు ఎలా చెప్తారు?

ఉదాహరణకు, హాస్టల్ కుర్రాడు 'జీరో నికోటిన్, మ్యాంగో ఫ్లేవర్' అని ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్ట్ పెట్టి నాలుగు అమ్మాడనుకోండి. అమ్మకమూ నేరమే, ఆ ప్రకటనా నేరమే. మొదటిసారికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గదిలో స్టాకు దాచినందుకు వేరే శిక్ష: ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

చాలామంది పొరబడేది ఇక్కడ: 'కిళ్లీకొట్లో సిగరెట్లు అమ్ముతున్నారు, పొగాకు బోర్డు ఆఫీసే గుంటూరులో ఉంది, మరి ఆవిరికేంటి అడ్డు?' అని. సిగరెట్లకు 2003 నాటి వేరే చట్టం ఉంది. అది అమ్మకాన్ని ఆపదు, హద్దులు పెడుతుంది: 18 ఏళ్లలోపు వాళ్లకు, బడికి 100 గజాల లోపల అమ్మకూడదు. వేప్‌కు అలాంటి హద్దులేమీ లేవు, పూర్తి నిషేధమే. మెడికల్ షాపులో దొరికే నికోటిన్ గమ్ మాత్రం దీని కిందికి రాదు.