బూట్ క్యాంప్ నుంచి మొదటి ఉత్తరం వచ్చింది, ఏం జవాబు రాయను?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం మధ్యలో ఆపేసి అమెరికా సైన్యంలోని మెరైన్ కోర్‌లో చేరాడు. సంతకం పెట్టేశాక గానీ మాకు చెప్పలేదు. ఐదు వారాల క్రితం సౌత్ కరొలైనాలోని పారిస్ ఐలండ్ బూట్ క్యాంప్‌కి, అంటే కొత్తగా చేరినవాళ్ల శిక్షణకి, వెళ్లాడు. చేరిన రోజు రాత్రి ఫోన్ చేసి, ఎవరో రాసిచ్చింది చదివినట్టు నాలుగు ముక్కలు అరిచి పెట్టేశాడు. పోయిన వారం మొదటి ఉత్తరం వచ్చింది. తప్పు చేశానని, ఎలాగైనా బయటికి తీసుకురమ్మని రాశాడు. చివర్లో తన కారు వారానికోసారి స్టార్ట్ చేయమని నాన్నకి చెప్పమన్నాడు, నాన్న ఇంకా కోపంగానే ఉన్నాడా అని అడిగాడు. మావారు ఆ ఉత్తరం చదివి "నేను ముందే చెప్పాను" అని లేచి వెళ్లిపోయారు. వాడి పేరెత్తితే మాట్లాడరు. శనివారం పొద్దున మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్లి వాడి కారు కాసేపు ఆన్ చేసి వస్తారు. ఇండియాలో బంధువులకు ఇంటర్న్‌షిప్‌కి వెళ్లాడని చెప్పాం. ఈలోగా హైదరాబాద్‌లో మా అమ్మ జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది, కోలుకుంటోంది. వాడికి చెప్పాలా? అక్కడ జరిగిన చావుల గురించి ఇంటర్నెట్‌లో చదివి నిద్ర పట్టడం లేదు. వాణ్ని చేర్చుకున్న రిక్రూటర్‌కి ఫోన్ చేసి వెనక్కి తెప్పించవచ్చా?

జవాబు: ముందు ఆ ఉత్తరం మీద తేదీ చూడండి. మీరు చెప్పిన లెక్క ప్రకారం అది రెండో వారంలో రాసింది. మీకు చేరేసరికి మూడో వారం దాటింది. మీరు వారం రోజులు దిండు కింద పెట్టుకున్నారు. ఇవాళ జవాబు రాసి పోస్టు చేస్తే తన చేతికి అందేది ఆరో వారంలో. అంటే, ఏడుస్తూ రాసిన పిల్లవాడు ఒకడు, మీ ఉత్తరం చదవబోయే పిల్లవాడు మరొకడు. మధ్యలో నెల రోజుల శిక్షణ నడిచింది. "అయ్యో నాన్నా, ఎంత కష్టపడుతున్నావో, నిన్ను ఎలా తీసుకురాను" అని మీరిప్పుడు రాస్తే, ఈపాటికి కాస్త నిలదొక్కుకున్న వాణ్ని మళ్లీ రెండో వారంలోకి లాగినట్టవుతుంది.

ఆ రెండో వారం ఎలా ఉంటుందో చెప్తాను. వెళ్లగానే ఫోన్, బట్టలు, జుట్టు అన్నీ పోతాయి. తెల్లవారుజామునే లేపుతారు. శిక్షణ ఇచ్చే డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్లు చెప్పే ప్రతి మాటా అరిచే చెప్తారు, జవాబూ అరిచే ఇవ్వాలి. "నేను" అనకూడదు, "ఈ రిక్రూట్" (కొత్తగా చేరినవాడు) అనాలి. మెరైన్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఇది. ఇంట్లో అర్ధరాత్రి ఫ్రిజ్ తెరవడానికి ఎవరినీ అడగని పిల్లవాడు, అక్కడ బాత్రూమ్‌కి వెళ్లాలన్నా "ఈ రిక్రూట్ వెళ్లడానికి అనుమతి కోరుతున్నాడు" అని గొంతు చించుకోవాలి. ఒంటి అలసట కన్నా ఇదే ఎక్కువ కుంగదీస్తుంది. అందుకే మొదటి రెండు మూడు వారాల ఉత్తరాలన్నీ ఒకే చేత్తో రాసినట్టుంటాయి. తప్పు చేశాను, ఇల్లు గుర్తొస్తోంది, తీసుకెళ్లిపోండి. మీ అబ్బాయిదీ అలాంటిదే.

మొదటి రోజు ఫోన్ కూడా మీరనుకున్నదే. ఆ మాటలు నిజంగానే రాసిపెట్టి ఉంటాయి. క్షేమంగా చేరాను, తినుబండారాలూ పెద్ద పార్శిళ్లూ పంపకండి, కొన్ని రోజుల్లో ఉత్తరంలో అడ్రస్ పంపుతాను, ఉంటాను. అంతే. తన సొంత మాట ఒక్కటి కలిపే వీలుండదు. "అమ్మా అని కూడా అనలేదు" అని బాధపడుతున్నారేమో, అది వదిలేయండి.

రిక్రూటర్ సంగతి. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడతాడు, అంతకు మించి చేయగలిగింది లేదు. పదిహేడేళ్ల వాడైతే చేరడానికి తల్లిదండ్రుల సంతకం కావాలి. మీవాడికి పద్దెనిమిది దాటాయి, సంతకం తనది, ఒప్పందం తనది. తీసుకురావడం మీ చేతిలో లేదు. నిజంగా మానేయాలని తనే గట్టిగా అనుకుంటే ఆ మాట అక్కడి అధికారులకు తనే చెప్పుకోవాలి. ఆ తతంగం కూడా ఒక్క రోజులో తేలేది కాదు.

ఇక చావుల గురించి. అవి అబద్ధాలని చెప్పి మిమ్మల్ని ఊరడించను. 1956లో అదే పారిస్ ఐలండ్‌లో ఒక డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ రాత్రివేళ రిక్రూట్లను రిబ్బన్ క్రీక్ అనే బురద కాలువలోకి నడిపించాడు. ఆరుగురు మునిగిపోయారు. ఆ తర్వాత శిక్షణ మీద పర్యవేక్షణ పెంచారు. 2016లో పాకిస్తానీ మూలాలున్న ఒక రిక్రూట్ చనిపోయాడు. ఆ కుర్రాడితో సహా పలువురు రిక్రూట్లను హింసించినందుకు ఒక డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్‌కి 2017లో కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానం) పదేళ్ల జైలు వేసింది. మీరు చదివింది ఇదే అయ్యుంటుంది. మన పోలికలున్న కుర్రాడు కాబట్టి మరీ గుచ్చుకుంది. ఏటా వేలమంది అక్కడ శిక్షణ పూర్తి చేసుకుని బయటికి వస్తున్నారన్న మాట కూడా నిజమే, కానీ రాత్రి రెండు గంటలకు ఆ లెక్క ఏ తల్లికీ పనికిరాదు.

పనికొచ్చేది ఇంకోటి. ఏ మాటకు భయపడాలో తెలిసి ఉండటం. "ఇక్కడ ఉండలేను" అన్నది బెంగ. "బతకాలని లేదు" అన్నా, తనను కొట్టారని రాసినా, మతం గురించో ఒంటి రంగు గురించో ఒకరు పనిగట్టుకుని వేధిస్తున్నారన్నా, దెబ్బ తగిలితే డాక్టర్‌కి చూపించడం లేదన్నా అది బెంగ కాదు. అప్పుడు ఉత్తరం రాస్తూ కూర్చోకండి. ఆ రోజే డిపోకి (ఆ శిక్షణ కేంద్రానికి) ఫోన్ చేసి తన ప్లటూన్ (శిక్షణ జట్టు) నంబర్ చెప్పి చాప్లిన్‌ని అడగండి. చాప్లిన్ అంటే సైన్యంలో ఉండే మతగురువు. ఏ మతం పిల్లలైనా వెళ్లి మనసు విప్పొచ్చు, చెప్పింది బయటికి పొక్కదు. అక్కడ పని జరగకపోతే అమెరికా కాంగ్రెస్‌లో (పార్లమెంటులో) మీ ప్రాంతపు సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేయండి. వాళ్లు విచారణ కోరితే సైన్యం జవాబు చెప్పాల్సిందే. మీరు పంపిన ఉత్తరం సారాంశంలో ఇలాంటి మాట ఒక్కటీ లేదు. అయినా అసలు ఉత్తరాన్ని ఇంకోసారి పగటిపూట చదవండి. రాత్రి చదివితే ప్రతి వాక్యమూ పెద్దదిగా కనిపిస్తుంది.

సరే, ఏం రాయాలి? నా సంగతొకటి చెప్తాను. ఆరో తరగతి నుంచి నేను హాస్టల్లో చదివాను. మా అమ్మ కార్డు ముక్క రాసేది. "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది, నీ కంచం చూస్తే ముద్ద దిగడం లేదు" అని. అది చదివి బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చేవాణ్ని, రెండు రోజులు చదువు సాగేది కాదు. మా నాన్న ఇన్‌లాండ్ లెటర్ రాసేవాడు. "గేదె ఈనింది. పెయ్యదూడ. చెవుల మీద తెల్లమచ్చలున్నాయి. నువ్వు వచ్చేసరికి గడ్డి మేస్తుంది." అంతే. అది మటుకు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ని. అమ్మకు ప్రేమ ఎక్కువై, నాన్నకు తక్కువై కాదు. అమ్మ కార్డు నాకు ఒక బరువు అప్పజెప్పేది. నాన్న ఉత్తరం వెంటబెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేది.

మీరు దూడ ఉత్తరం రాయండి. పక్కింటివాళ్ల కుక్క ఎవరి చెప్పు ఎత్తుకెళ్లింది, వాషింగ్ మెషీన్ చేసే కొత్త చప్పుడు, తన గదిలో కిటికీ తెర మార్చిన సంగతి. తన బాధను ఒక్క వాక్యంలో ఒప్పుకోండి. "నీ ఉత్తరం చదివాను. కష్టంగా ఉందని అర్థమైంది. ఈ ఉత్తరం అందేసరికి నువ్వు సగం దారిలో ఉంటావు." ఆ తర్వాత దాన్ని కెలక్కండి. బయటికి తీసుకొస్తాననీ రాయొద్దు, ఎలాగైనా పూర్తి చేసి తీరాలనీ రాయొద్దు. రెండోదాన్ని చెప్పడానికి అక్కడ చాలామంది ఉన్నారు. మీకు తెలుగులోనే బాగా వస్తే చివర ఒక్క వాక్యం తెలుగులో రాయండి, కూడబలుక్కుని చదువుకుంటాడు.

వారానికి రెండు మూడు రాయండి, చిన్నవైనా సరే. పైన మూలన ఒకటి, రెండు, మూడు అని అంకె వేయండి, ఎందుకంటే ఒక్కోసారి మూడు నాలుగు కలిసి ముందువెనకలుగా అందుతాయి. కవరు తెల్లగా, సాదాగా ఉండాలి. స్టిక్కర్లు, గుండె బొమ్మలు, సెంటు ఏమీ వద్దు. అలాంటి కవరు డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ కంటబడితే అందరి ముందూ పుష్‌అప్స్ తీయాల్సింది మీ వాడే. అడ్రస్ తను రాసినట్టే, ప్లటూన్ నంబర్‌తో సహా, పొల్లు పోకుండా రాయండి. లోపల ఒక ఖాళీ కాగితం, స్టాంపు అంటించిన కవరు పెడితే జవాబు త్వరగా వస్తుంది. మీ చేయి సున్నుండల డబ్బా వైపు పోతుందని నాకు తెలుసు. పోనివ్వకండి. తనకు దక్కవు, పైగా తిట్లు తింటాడు.

అమ్మమ్మ సంగతి చెప్పండి. దాచొద్దు. ఆపరేషన్ అయి కోలుకుంటున్నారు కాబట్టి రెండు వాక్యాలు చాలు. పడింది, ఆపరేషన్ బాగా జరిగింది, కోలుకుంటోంది. భయపడ్డ రోజుల్లో మీరు ఏడ్చిందంతా వద్దు. ఇప్పుడు దాచి గ్రాడ్యుయేషన్ రోజున చెబితే, ఇక ముందు మీరు "అంతా బాగానే ఉంది" అని రాసిన ప్రతిసారీ తనకు అనుమానమే. ఒకవేళ ప్రాణం మీదికి వచ్చే కబురేదైనా ఉంటే ఉత్తరంలో రాయకండి, అమెరికన్ రెడ్ క్రాస్‌కి ఫోన్ చేయండి. వాళ్లు ఆసుపత్రితో మాట్లాడి నిర్ధారించుకుని సైన్యానికి కబురు అందిస్తారు. అబ్బాయి పూర్తి పేరు, పుట్టిన తేదీ, యూనిట్ వివరాలు అడుగుతారు, ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి పెట్టుకోండి. సెలవు ఇవ్వడం, ఇవ్వకపోవడం పై అధికారి ఇష్టం. అమ్మమ్మ, తాతయ్యల విషయంలో ఇస్తారన్న భరోసా లేదు.

ఇంటర్న్‌షిప్ అబద్ధం ఎన్నాళ్లో నిలవదు. గ్రాడ్యుయేషన్ ఫొటో ఎవరో ఒకరు గ్రూపులో పెడతారు. అంతకు ముందే మీరే చెప్పేయండి.

మొత్తం పదమూడు వారాలు. ఈత పరీక్ష, తుపాకి గురి, తాడు పట్టుకుని టవర్ దిగడం, గ్యాస్ చాంబర్ (మాస్క్ వాడటం నేర్పడానికి కన్నీటి వాయువు నింపిన గది) ఇవన్నీ మధ్యలో వస్తాయి. చివర్లో క్రూసిబుల్ అని 54 గంటల పరీక్ష. అర తిండి, అర నిద్ర, మైళ్లకొద్దీ నడక. అది దాటాకే గద్ద, భూగోళం, లంగరు ఉన్న చిహ్నం చేతికిస్తారు. అప్పటిదాకా రిక్రూటే, మెరైన్ అని పిలవరు. గ్రాడ్యుయేషన్‌కి ముందు రోజు కుటుంబాలతో గడపనిస్తారు. టికెట్లు కొనేటప్పుడు జాగ్రత్త. జబ్బు చేసినా, ఏదైనా పరీక్ష తప్పినా వెనక వస్తున్న ప్లటూన్‌లో కలుపుతారు, తేదీ జరిగిపోతుంది. డబ్బు వెనక్కి వచ్చే టికెట్లే తీసుకోండి. ఆ తర్వాత మామూలుగా పది రోజులు సెలవిస్తారు. ఇంటికొచ్చినవాడు నాలుగింటికే లేచి, ఐదు నిమిషాల్లో తినేసి, ఏం చేయాలో తెలియక నిలబడితే నవ్వకండి.

మీవారి విషయం చివరికి ఉంచాను. ఆయన బాధ చదువు ఆగిందని మాత్రమే అయితే చెప్పడానికి మాటలున్నాయి. మూడేళ్లు యాక్టివ్ డ్యూటీ (పూర్తికాల సైనిక సేవ) పూర్తి చేసి గౌరవంగా బయటికొస్తే, పోస్ట్ 9/11 జీఐ బిల్ కింద 36 నెలల చదువుకు సాయం వస్తుంది. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఫీజు మొత్తం వాళ్లే కడతారు. కానీ ఈ లెక్క ఇప్పుడు ఆయన ముందు పెట్టకండి. ఫీజు కోసం ఎవరూ కొడుకు పేరు వినలేనంత కోపం పెట్టుకోరు. "నన్ను ఒక్క మాట అడగలేదు" అన్నది ఆయన గాయం. అది వాదనకు లొంగదు, మీరు మధ్యవర్తిత్వం చేసినా లొంగదు. ఆయన తరఫున "నాన్న కూడా నిన్ను తలుచుకుంటున్నాడు" అని మీరు రాయకండి. అబ్బాయికి మీ చేతిరాత తెలుసు.

మీ ఉత్తరంలో మీరు అలవోకగా చెప్పి దాటేసిన వాక్యం ఒకటుంది. శనివారం పొద్దున ఆయన వెళ్లి ఆ కారు ఆన్ చేసి వస్తారని. కొడుకు అడిగింది నాన్న ఎవరికీ చెప్పకుండా చేస్తున్నాడు. ఆ సంగతి కొడుక్కి తెలియదు.

ఒక కవరు మీద అడ్రస్ రాసి, స్టాంపు అంటించి, లోపల తెల్లకాగితం పెట్టి కారు తాళాల పక్కన ఉంచండి. ఏమీ అనకండి. ఒక శనివారం గడిచినా, రెండు గడిచినా అక్కడే ఉండనివ్వండి. ఎప్పటికైనా ఆయనే "ఏం రాయాలి?" అని అడిగితే, క్షమించాననో, గర్వంగా ఉందనో రాయమని చెప్పకండి. కారు తీశాను, బ్యాటరీ బాగానే ఉంది, ముందు కుడి టైరులో గాలి తగ్గితే పట్టించాను. అంత రాస్తే చాలని చెప్పండి.