వార్డు పోస్టింగ్‌కు పోయే ముందు ఇది చదువు బిడ్డా

బిడ్డా, నీ మెసేజ్ చూసిన. ఆరోగ్యం, అనారోగ్యం, స్ట్రెస్, కోపింగ్ అంటే కష్టాన్ని తట్టుకునుడు, ఇవన్నీ నర్సింగ్ ఎగ్జామ్‌కు బట్టీ పట్టిన గానీ పేషెంట్ మంచం కాడికి పోతే ఇవి ఎందుకు పనికొస్తయో సమజ్ అయితలేదు అత్తమ్మా అన్నవ్ గదా. వచ్చే వారమే పోస్టింగ్ అంటున్నవ్ కాబట్టి ఫోన్ల గాకుండ రాసి పంపుతున్న, నిమ్మళంగ చదువుకో.

1948 సంది ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెప్పేది నీకు ఎరుకే, రోగం లేనంత మాత్రాన ఆరోగ్యం గాదు, ఒళ్లు, మనసు, నలుగురితోని బతుకు మూడూ పూర్తిగ మంచిగుండాలె అని. ఆ "పూర్తిగ" అన్నదాన్ని నేను ఒప్పుకోను. ఇరవై ఏండ్ల సంది షుగర్ ఉన్నా టైంకు గోలీలు ఏసుకుంట, పనికి పోయి, బతుకమ్మ నాడు ఆడకట్టోళ్లతోని ఆడొచ్చే మనిషిని నేనైతే ఆరోగ్యంగ ఉన్నట్టే చూస్త.

రోగం రిపోర్టుల ఉంటది, దాంతోని ఆ మనిషి పడే బాధ రిపోర్టుల ఉండదు. పరకాల దిక్కు రైతు కాలి పుండుతోని అడ్మిట్ అయిండనుకో, అది పత్తి ఏరే టైము. డాక్టర్ పుండు చూస్తడు, ఆయనకేమో చేన్ల పత్తి తడుస్తదేమో, కూలోళ్లు దొరుకుతరో లేదో అని పరేషాన్. ఎప్పుడు పంపిస్తరు సిస్టరమ్మా అని పొద్దుకు పదిసార్లు అడుగుతుంటే సతాయిస్తుండు అనుకోకు. లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984ల చెప్పింది ఇదే, మనిషి ముందు ఇది నాకు ముప్పా కాదా అని చూసుకుంటడు, తర్వాత నా చేతిల ఏమున్నది అని చూసుకుంటడు, స్ట్రెస్ ఆ లెక్కను బట్టి వస్తది. అందుకే కొత్త పేషెంట్ కాడ కూసొని, నీకేమైందని అనుకుంటున్నవ్, అన్నిటికన్న దేనికి భయమైతుంది, ఇంటికాడ ఎవరున్నరు, ఇంతకుముందు కష్టమొస్తే ఎట్ల తట్టుకున్నవ్ అని అడుగు. ఆఖరుది అస్సలు మర్చిపోకు, ఆయన బలం ఏడ ఉన్నదో దాంట్లనే దొరుకుతది.

స్ట్రెస్ మనసుకే అనుకోకు. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936ల మొదలుపెట్టి చెప్పిన స్ట్రెస్ మూడు దశలు, అలారం (ఒళ్లు ఉలిక్కిపడుడు), రెసిస్టెన్స్ (తట్టుకొని నిలబడుడు), ఎగ్జాషన్ (పూర్తిగ అలిసిపోవుడు), ఇవి వార్డుల కండ్లకు కనవడతయ్. అడ్రినలిన్, కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్లు పెరుగుతయ్, గుండె గబగబ కొట్టుకుంటది, బీపీ షుగర్ రెండూ పైకి పోతయ్, అట్లనే చానా రోజులుంటే పుండు కూడ జల్ది మానదు. లైన్ల నిలబడి కొట్లాడి వచ్చినోనికి వచ్చుడుతోనే బీపీ కఫ్ కట్టకు, ఐదు నిమిషాలు కూసోబెట్టి అప్పుడు చూడు. ఎగ్జాషన్ చానాసార్లు పేషెంట్‌ల గాదు, మంచం కింద చాప ఏసుకొని పండే పెండ్లాంల కనవడ్తది, ఆమె తిన్నదా పండుకున్నదా కూడ అడుగు.

ఇగ కోపింగ్. చేతిల ఉన్నదానికి పని నేర్పాలె, డ్రెస్సింగ్ ఎట్ల మార్చుకోవాలె, ఇన్సులిన్ ఎట్ల తీసుకోవాలె. చేతిల లేనిదానికి మనసు కుదుటవడాలె, పక్కన కూసొని ఇనుడే అప్పుడు వైద్యం. నాకేం రోగం లేదు అని మొదటి రోజుల్ల అంటే వాదన వెట్టుకోకు, ఆ మాట అనుకుంటనే చానామంది నిలదొక్కుకుంటరు, మందులు వద్దన్నప్పుడే డాక్టర్‌కు చెప్పు. మేడారం సమ్మక్కకు బంగారం మొక్కుకున్న అంటే, ఆ బెల్లం మొక్కు ఆమెకు ధైర్యం బిడ్డా, నవ్వకు. ఏం గాదు ఏం గాదు అని మాత్రం అనకు, ఏమైతదో నీకు తెల్వదు గదా. సూది కొంచెం నొస్తది, ఆపరేషన్ అయినంక గొంతు ఎండుతది, నేను ఈడనే ఉంట, అట్ల జరిగేది చెప్పు, సగం భయం దాంతోనే పోతది.

తాగుడు కూడ కొంతమంది కష్టాన్ని మర్చిపోనీకి పట్టుకున్న దారే. రోజూ తాగేటోడు అడ్మిట్ అయిన రెండు మూడు రోజులకు చేతులు వణికి, చెమటలు వట్టి, లేనోళ్లతోని మాట్లాడుతుంటే పిచ్చి అని తీసెయ్యకు, ఉరికిపోయి డాక్టర్‌ను పిలువు, అది ప్రాణం మీదికి వస్తది. అడ్మిషన్ అప్పుడే తాగుడు సంగతి తిట్టకుండ అడిగి రాసిపెట్టు.

నీ సంగతి కూడ చూస్కో. అటెండెంట్ మీద పడి అరిస్తే అది భయం అరుపు, నీ మీద కోపం గాదు. డ్యూటీ దిగినంక ఎవరితోనన్న చెప్పుకో, నైట్ డ్యూటీ అయినంక పరదలు ఏసి పండుకో, వారాలకు వారాలు నిద్రవట్టకపోతే 14416 టెలిమానస్, అంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యి, పైసలు పడవు, తెలుగులనే మాట్లాడుతరు.

ఏ వార్డు వడ్డదో తెల్వంగనే మెసేజ్ పెట్టు, సర్జికల్ అయితే ఆపరేషన్ ముందు రోజు రాత్రి పేషెంట్‌తోని ఏం మాట్లాడాలెనో ఇంకొంచెం రాసి పంపుత.

మీ అత్తమ్మ