టెక్ సందేహాలు: తడి ఇసుకలో గోలపెట్టే మెటల్ డిటెక్టర్‌ని మార్చాలా?

ప్రశ్న: నా దగ్గర గారెట్ ఏస్ 250 మెటల్ డిటెక్టర్ ఉంది. కొని పన్నెండేళ్లు దాటింది. ఆదివారాలు పొద్దున్నే బీసెంట్ నగర్ బీచ్‌లో వెతుకుతుంటాను. పొడి ఇసుకలో బాగానే పనిచేస్తుంది. అల తగిలే చోటికి వెళ్లగానే ఆగకుండా మోగుతుంది. సెన్సిటివిటీ తగ్గిస్తే మోత తగ్గుతుంది గానీ, పాతిపెట్టి చూసిన నాణెం కూడా పట్టదు. మల్టీ ఫ్రీక్వెన్సీ మెషిన్ కొనమంటున్నారు. అంత డబ్బు పెట్టడం దండగ కాదా?
– తిరువాన్మియూరు, చెన్నై

జవాబు: మీరు వెతికే సమయంలో సగానికి పైగా తడి ఇసుక మీదే గడిస్తే కొనండి, దండగ కాదు. ఎక్కువ సేపు పొడి ఇసుకలోనే తిరుగుతుంటే పాతదాన్నే ఉంచుకుని, ఆ డబ్బులో కొంత పిన్‌పాయింటర్ (తవ్విన గుంతలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే చేతి పరికరం) మీద, మంచి ఇసుక స్కూప్ మీద పెట్టండి. ఎందుకో చెబుతాను.

ఏస్ 250 నడిచేది 6.5 కిలోహెర్ట్జ్ అనే ఒకే ఫ్రీక్వెన్సీ మీద. కాయిల్, అంటే రాడ్ చివర ఇసుక మీద ఆడించే పళ్లెం లాంటి భాగం, పంపే అయస్కాంత క్షేత్రం లోహానికి తగిలితే అందులో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. వాటి నుంచి తిరిగొచ్చే బదులు (సిగ్నల్) ఎంత బలంగా, ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి మెషిన్ ఇది ఫలానా అంటుంది. చిక్కేమిటంటే ఉప్పునీటిలో కూడా కరెంటు పారుతుంది. అందుకే తడి ఇసుక మొత్తం ఒక పెద్ద పల్చటి రేకు పరిచినట్టు కనిపిస్తుంది మెషిన్‌కి. దానికి తోడు అల వెనక్కి జారిన చోట నల్లటి చారలు కడతాయి చూడండి, వాటిలో ఇనుప ఖనిజం ఉంటుంది. ఆ ఖనిజం ఇచ్చే బదులు ఉప్పునీరు ఇచ్చే బదులుకు భిన్నంగా ఉంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో వీటిలో ఏదో ఒకదాన్ని మాత్రమే రద్దు చేయగలం. పైగా ఏస్ 250లో గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల ఇచ్చే బదులును రద్దు చేసే అమరిక) ఫ్యాక్టరీలో పెట్టినదే, మన చేత్తో మార్చే వీలు లేదు.

మల్టీ ఫ్రీక్వెన్సీ మెషిన్ ఒకేసారి కొన్ని ఫ్రీక్వెన్సీలలో వింటుంది. ఫ్రీక్వెన్సీ మారేకొద్దీ ఉప్పునీటి బదులు ఒక తీరున మారుతుంది, ఉంగరం బదులు మరో తీరున మారుతుంది. రెంటినీ పోల్చి ఉప్పు వాటాను తీసేస్తుంది. ఇన్నేళ్లలో ఈ రంగంలో బీచ్‌కి పనికొచ్చిన అసలైన మార్పు ఇదొక్కటే అని నా లెక్క. మైన్‌ల్యాబ్ కంపెనీ 1990ల నుంచే ఇలాంటివి అమ్ముతోంది. 2018లో ఈక్వినాక్స్, 2019లో వాంక్విష్ అనే దాని మోడళ్లు వచ్చాక తక్కువ ధరలోకి దిగింది.

అయితే కొనేముందు మీ మెషిన్‌లో ఉన్నది ఉప్పు సమస్యా, రిపేరు సమస్యా తేల్చుకోండి. ముందుగా కాయిల్ కింద ఉండే ప్లాస్టిక్ కవర్ ఊడదీయండి. పాత మెషిన్లలో లోపల ఉప్పునీటితో తడిసిన ఇసుక పేరుకుని ఉంటుంది. కాయిల్‌కి అతుక్కుని తిరిగే ఆ ఉప్పు పొర ఒక్కటే చాలు మోత పుట్టించడానికి. మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి మళ్లీ బిగించండి. తర్వాత కేబుల్ రాడ్‌కి వదులు లేకుండా చుట్టి ఉందా చూసి, మెషిన్ ఆన్‌లో పెట్టి కేబుల్‌ని మెల్లగా కదపండి. కాయిల్‌ని గాల్లో పట్టుకుని వేలి కణుపుతో తట్టండి. మోగితే తప్పు కేబుల్‌దో కాయిల్‌దో.

అప్పుడు టబ్ పరీక్ష. మట్టి నేల మీద చేయండి. మేడ మీద గానీ, గదిలో గానీ చేస్తే శ్లాబులోని కడ్డీలే మోగుతాయి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్‌లో సగం క్యాన్ నీళ్లు, అంటే 10 లీటర్లు పోయండి. బోరు నీళ్లు వద్దు, మీ వైపు సముద్రం దగ్గర అవే ఉప్పగా ఉండొచ్చు. కాయిల్ అడుగు నీటిని తాకేలా పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. నిశ్శబ్దంగా ఉండాలి. ఇప్పుడు 350 గ్రాముల ఉప్పు కరిగించండి, సముద్రపు నీటి ఉప్పదనం దాదాపు అంతే. మళ్లీ ఆడించండి. మంచినీటికి పలకని మెషిన్ ఉప్పునీటికి పలికితే అది దాని డిజైన్, రిపేరుతో పోయేది కాదు. మంచినీటికే పలికితే కాయిల్‌లోకి నీరు దిగి ఉండొచ్చు. అప్పుడు కొత్త మెషిన్ మాట పక్కనబెట్టి వేరే కాయిల్ తగిలించి చూడండి.

లోతు ఆశతో మాత్రం ఎవరూ కొత్తది కొనకండి. వస్తువు రెట్టింపు లోతుకి పోతే తిరిగొచ్చే సిగ్నల్ సుమారు 64వ వంతుకి పడిపోతుంది. కాయిల్ పంపే బలాన్ని రెట్టింపు చేసినా దక్కే అదనపు లోతు సుమారు పన్నెండు శాతమే. ప్రకటనలు ఏం చెప్పినా ఈ లెక్క మారదు. మెరీనాకి వెళ్లేవాళ్లు ఇది ఇంకా గుర్తుంచుకోవాలి. హార్బర్ కట్టాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక దానికి అడ్డుపడి మేటవేస్తూ వచ్చింది, మెరీనా అంత వెడల్పు కావడానికి కారణం అదే. అక్కడి పాత వస్తువుల మీద ఎంత ఇసుక పడి ఉందో! ఏ మెషిన్‌కీ అందదు. మీకు దొరికేవి ఈమధ్య పడినవే, అవి పైపైనే ఉంటాయి.

ఇంకో సంగతి. ఏస్ 250 తెర మీది గుర్తులు అమెరికా నాణేల లెక్కన వేసినవి. మన కొత్త రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అయస్కాంతానికి అతుక్కునే స్టెయిన్‌లెస్ స్టీలువి. ఇనుము వద్దని మెషిన్‌కి చెప్పారంటే వాటినీ వద్దనే అవకాశం ఉంది. ఇక బంగారం. సన్నటి ఉంగరం, సిగరెట్ పెట్టెలోని రేకు, కూల్‌డ్రింక్ టిన్ను మీది రింగు, ఈ మూడూ తెర మీద దాదాపు ఒకేచోట పడతాయి. ఏస్ 250ని కాయిన్స్ మోడ్‌లో పెట్టి తిరిగితే రేకుతో పాటు బంగారాన్నీ వదిలేసి వస్తారు. జ్యువెలరీ మోడ్ గానీ, ఆల్ మెటల్ గానీ పెట్టండి. మన 22 క్యారెట్ల ఉంగరం, అమెరికా 14 క్యారెట్ల ఉంగరం ఒకే సైజువి అయినా మనది తెర మీది స్కేలులో కొంచెం పైన చూపిస్తుంది. అందుకే విదేశీ వీడియోల్లోని నంబర్లు బట్టీ పట్టకుండా, ఇంట్లో ఉన్న ఉంగరం, మెట్టె, పట్టీ, చెవిదుద్దు ఒక్కొక్కటి కాయిల్ ముందు ఆడించి మీ పట్టిక మీరే రాసుకోండి.

కొనాలని తేల్చుకుంటే వాంక్విష్ స్థాయిది మీకు సరిపోతుంది. అందులో కాయిల్ వరకే నీటిని తట్టుకుంటుంది, పైనున్న కంట్రోల్ బాక్స్ తట్టుకోదు. మన తీరంలో ఉన్నట్టుండి మోకాలి దాకా ఎగిసే అలల దగ్గర అది భయమే. కాబట్టి చేతిలో డబ్బుంటే పూర్తిగా నీటిని తట్టుకునే నోక్టా లెజెండ్, ఈక్వినాక్స్ రకాలు మేలు. అంతేగానీ, నీటిని తట్టుకుంటుంది కదా అని నీళ్లలోకి దిగకండి, ఇక్కడి లోపలి లాగుడు ఈత వచ్చినవాళ్లనీ వదలదు. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ రుసుము అన్నీ కలిపి చేతికొచ్చే ధర ఎంతో ముందే రాయించుకోండి. వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కూడా రాతపూర్వకంగా అడగండి. వీలైతే డబ్బు కట్టేముందు ఒక ఉంగరాన్ని దారం కట్టి తడి ఇసుకలో 10, 15, 20 సెంటీమీటర్ల లోతున పెట్టి, మీ పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన చూసుకోండి. రెండూ ఒకేసారి ఆన్ చేయకండి, ఒకదాని సిగ్నల్ మరొకదాన్ని చెడగొడుతుంది.

ప్రశ్న: ఈక్వినాక్స్ 600 వాడుతున్నాను. 900కి మారితే తేడా తెలుస్తుందా?
– వేళచ్చేరి, చెన్నై

జవాబు: బీచ్‌లో పెద్దగా తెలియదు. రెంటిలో ఉన్నదీ మల్టీ ఐక్యూనే, అంటే మైన్‌ల్యాబ్ మల్టీ ఫ్రీక్వెన్సీ పద్ధతే. 600లో టార్గెట్ నంబర్లు (దొరికింది ఏ లోహమో సూచించే అంకెలు) మైనస్ 9 నుంచి 40 దాకా ఉంటే, 900లో మైనస్ 19 నుంచి 99 దాకా ఉంటాయి. అదే కొలతని సన్నటి గీతలున్న స్కేలుతో కొలవడం లాంటిది. చెత్త ఎక్కువున్న పార్కులో పనికొస్తుంది గానీ, బీచ్‌లో ఎలాగూ ప్రతిదీ తవ్వాల్సిందే. నీటిలోతు 3 మీటర్ల నుంచి 5 మీటర్లు అయింది, మీకు దానితో పనిలేదు. కంపెనీ ఉచితంగా ఇచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వేసుకుని, పొడి, తడి ఇసుకకు బీచ్ 1, అల పారే చోట బీచ్ 2 వాడండి. బీచ్ 2లో ట్రాన్స్‌మిట్ బలం తగ్గుతుంది, సిగ్నల్ చిన్నగా వస్తే కంగారుపడకండి. తెర లోపల మంచులా తేమ పడితే మాత్రం మార్చే ఆలోచన చేయండి.

మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడుతుంటే వెంటనే మానండి. వాటిలో శబ్దం సెకనులో ఐదోవంతు ఆలస్యంగా వస్తుంది. కాయిల్‌ని సెకనుకు మీటరు చొప్పున ఊపితే, మోత వినిపించే వేళకి కాయిల్ 20 సెంటీమీటర్లు దాటిపోయి ఉంటుంది. తప్పుచోట తవ్వుతారు. వైరుదో, ఆలస్యం తక్కువున్న ‘యాప్టెక్స్ లో-లేటెన్సీ’ (aptX Low Latency) రకం బ్లూటూత్‌దో వాడండి.

ప్రశ్న: మా చెల్లెలి పుస్తెల గొలుసు నిన్న సాయంత్రం ఎలియట్స్ బీచ్ పొడి ఇసుకలో పడిపోయింది. స్నేహితుడి దగ్గర పాత డిటెక్టర్ ఉంది. దానితో దొరుకుతుందా, ఖరీదైనది అద్దెకు తేవాలా?
– టి.నగర్, చెన్నై

జవాబు: ముందు పాతదానితోనే ఇవాళే వెళ్లండి, ఆలస్యం చేయకండి. జనం తొక్కేకొద్దీ లోపలికి దిగుతుంది.

సన్నటి గొలుసు డిటెక్టర్‌కి కష్టమైన వస్తువు. ఉంగరం పూర్తి వలయం కాబట్టి కరెంటు దాని చుట్టూ హాయిగా తిరుగుతుంది. గొలుసులో కొక్కేనికీ కొక్కేనికీ మధ్య పట్టు సరిగా ఉండదు, మెషిన్‌కి ఒక్కో కొక్కెం విడివిడిగా, అణువంత కనిపిస్తుంది. అందుకే రెండు గ్రాముల ఉంగరం కంటే ఎనిమిది గ్రాముల గొలుసు చిన్నగా పలకొచ్చు. మీ అదృష్టం, ఇందులో పుస్తెలు ఉన్నాయి. అవి బిళ్లలు, పాత మెషిన్ కూడా పట్టగలదు. మీరు వెతకాల్సింది గొలుసు కోసం కాదు, ఆ రెండు పుస్తెల కోసం.

కూర్చున్న చోటు గుర్తుచేసుకుని 5 మీటర్ల చదరం తాడుతో కట్టండి. అర మీటరుకో గీత గీసుకోండి. ఏ లోహాన్నీ వదలకుండా ఆల్ మెటల్‌లో పెట్టి, కాయిల్‌ని ఇసుకకి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున, ఊపు చివర పైకి లేపకుండా, ప్రతి ఊపూ ముందుదాని మీద సగం పడేలా నడవండి. చదరం పూర్తయ్యాక అడ్డంగా తిరిగి మళ్లీ మొత్తం చేయండి. సోడా మూత అనిపించినా సరే ప్రతి మోతా తవ్వి, ఇసుకని జల్లెడ పట్టండి. రెండుసార్లు గాలించినా దొరక్కపోతే అప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న కొత్త మెషిన్ తెప్పించండి, సన్నటి బంగారానికి అది బాగా పలుకుతుంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో అయితే తెల్లవారాకే తవ్వండి. గుడ్లు కనబడితే చేయి పెట్టకుండా ఇసుక కప్పి అటవీ శాఖకి చెప్పండి. తవ్విన ప్రతి గుంతా పూడ్చండి.

ప్రశ్న: వంద అడుగుల దూరం నుంచే బంగారాన్ని చూపే లాంగ్ రేంజ్ లొకేటర్ అమ్ముతున్నారు. ఊళ్లో పాత ఇంటి స్థలంలో నిధి ఉందని పెద్దలు అనేవారు. కొనొచ్చా?
– పెరంబూరు, చెన్నై

జవాబు: కొనకండి. పైన చెప్పిన 64 వంతుల లెక్క చూడండి, నాణెమంత వస్తువు నుంచి వంద అడుగులకి సిగ్నల్ రావడం కుదరని పని. యాంటెన్నా చేతిలో అటూ ఇటూ ఊగేది మీ మణికట్టు కదలికకే. ఏడీఈ 651 అనే ఇలాంటి పరికరాన్ని బాంబుల డిటెక్టర్‌గా ఇరాక్‌కి అమ్మిన బ్రిటన్ వ్యాపారికి 2013లో పదేళ్ల జైలు పడింది. దాని మూలం గోల్ఫ్ బంతులు వెతికిపెడుతుందని అమ్మిన ఒక బొమ్మ.

మామూలు డిటెక్టర్‌తో వెతికినా చట్టం తెలుసుకోండి. మహాబలిపురం లాంటి రక్షిత కట్టడాల ఆవరణలో తవ్వకం నేరం. చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అటువైపు మెషిన్ తీసుకెళ్లనే వద్దు. సొంత స్థలంలోనైనా సరే, భూమిలో దాగిన పది రూపాయలకు మించిన విలువైన వస్తువు దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్న వివరాలతో కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి.