షంట్ ఉన్న బాబుకి పొట్ట ఉబ్బితే

మూడేళ్ల బాబుకి వీపీ షంట్ (తలలో చేరే నీటిని పొట్టలోకి దింపే సన్నని గొట్టం) ఉంది, పది రోజులుగా పొట్ట ఉబ్బుతోంది, గ్యాస్ చుక్కలు వేసినా తగ్గలేదు అన్నారు కదండీ. దయచేసి ఇంక ఆ చుక్కలతో ఆగకండి. ఇవాళే న్యూరోసర్జన్‌కి చూపించండి.

షంట్ గొట్టం కింది చివర ఉండేది పొట్టలోనే. తల నుంచి దిగిన నీటిని అక్కడ పొట్ట లోపలి గోడను కప్పి ఉండే పెరిటోనియం పొర పీల్చుకోవాలి. సన్నపాటి ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ నీరు ఇంకక, గొట్టం చివర చుట్టూ తిత్తిలా చేరవచ్చు. దాన్ని సూడోసిస్ట్ అంటారు. ఒక్కోసారి జ్వరం కూడా ఉండదు, అందుకే గ్యాస్ అనుకుని మోసపోతాం. పొట్ట అల్ట్రాసౌండ్‌లో సాధారణంగా తెలిసిపోతుంది. గొట్టం తెగిందా, జరిగిందా చూడటానికి తల నుంచి పొట్ట దాకా ఎక్స్‌రేలు కూడా తీస్తారు.

సూడోసిస్టే అయితే చాలాసార్లు గొట్టం చివరను బయటికి తీసి, నీటిని కల్చర్‌కి (క్రిములున్నాయేమో చూసే పరీక్షకి) పంపి, ఇన్ఫెక్షన్ ఉంటే అది పూర్తిగా తగ్గాక మళ్లీ అమరుస్తారు. నీటిని పీల్చుకోవడానికి పొట్ట పనికిరాకపోతే గొట్టాన్ని గుండె పై గదిలోకి వేసే దారి కూడా ఉంది, భయపడకండి.

వాంతులు, మత్తు, జ్వరం, పొట్ట గట్టిపడటం వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, వెళ్లగానే ముందు షంట్ సంగతి చెప్పండి. అరుదుగా గొట్టం పేగును తొలుచుకుని మలద్వారం దగ్గర బయటికి కనిపిస్తుంది. అలా జరిగితే మాత్రం ఇంట్లో ఎవరూ దాన్ని లాగకూడదు, కత్తిరించకూడదు.