మెట్లు (ఫ్రెట్లు) లేని బేస్ గిటార్‌కు ఏ తీగలు వేయాలి? మీ ఫింగర్‌బోర్డును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను

మీరు నల్గొండలో పాత నాలుగు తీగల ఫ్రెట్‌లెస్ బేస్ ఒకటి కొన్నారు; పూత లేని దాని రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు (తీగలను వేళ్లతో నొక్కే చెక్క పలక) మీద రౌండ్‌వౌండ్ తీగలు గీతలు పెడుతున్నాయి; చర్చిలోనూ పెళ్లి ఆర్కెస్ట్రాలోనూ వాయించడానికి ఏ తీగలు మంచివని అడిగారు. మహబూబ్‌నగర్‌లో ఇదే రకం బేస్‌ను ఇవే రెండు చోట్లా చాలాకాలంగా వాయిస్తున్న వాడిగా నా సలహా ఏమిటంటే, 45 నుంచి 100 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ లావు) ఉన్న, చుట్టు బల్లపరుపుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ సెట్ వేయండి.

రౌండ్‌వౌండ్ తీగలో ఉక్కు తీగ చుట్టూ గుండ్రటి సన్నతీగ చుట్టి ఉంటుంది కాబట్టి దాని పైభాగమంతా గట్లు గట్లుగా ఉంటుంది. ఫ్రెట్లున్న గిటార్‌లో ఆ ఒరిపిడిని లోహపు ఫ్రెట్లు భరిస్తాయి, మన వాద్యంలో చెక్కే భరించాలి. వేలిని తీగ పొడవునా ముందుకూ వెనక్కూ దొర్లిస్తూ కంపితం పలికిస్తే అరుగుదల కొంత తక్కువగానే ఉంటుంది. తీగను అడ్డంగా లాగే అలవాటుంటే మాత్రం అది ఆకురాయిలా పనిచేస్తుంది. ఒకసారి ఫోన్ లైటును ఏటవాలుగా పట్టుకుని, లావు తీగలు రెండింటి కింద, మూడో స్థానం నుంచి ఏడో స్థానం వరకు (ఫ్రెట్లుంటే మూడోది, ఏడోది ఉండే చోట్లు) చూడండి. గీతలు కంటికి మెరుపుగా మాత్రమే కనిపిస్తే కంగారు అక్కరలేదు. గోటిని అడ్డంగా నడిపినప్పుడు అది గాడిలో తట్టుకుంటే, ఆ చోట స్వరం జరజరమనడానికి ఇక ఎంతో కాలం పట్టదు. గరుకు కాగితంతో సమం చేయించవచ్చు గానీ, చేయించిన ప్రతిసారీ కొంత చెక్క పోతుంది.

ఫ్రెట్‌లెస్ బేస్‌కు పేరుపొందిన జాకో పాస్టోరియస్ రౌండ్‌వౌండ్ తీగలతోనే వాయించాడు కదా అని ఎవరైనా అంటారు. నిజమే, ఆయన రోటోసౌండ్ కంపెనీ తీగలు వాడాడు. అయితే ఫ్రెట్లు తీసేసిన తన ఫెండర్ జాజ్ బేస్ బోర్డుకు గట్టి ఎపాక్సీ (గట్టిపడే రెసిన్) పూత వేసుకున్నాడు. పూత లేని మీ రోజ్‌వుడ్‌కు ఆ ఉదాహరణ వర్తించదు. ఆ నాదమే కావాలని మీకు పట్టుదల ఉంటే, స్టెయిన్‌లెస్ స్టీల్ కన్నా మెత్తనైన నికెల్ రకాన్ని తీసుకోండి.

ఫ్లాట్‌వౌండ్‌లో పైన చుట్టేది బల్లపరుపుగా ఉండే రిబ్బన్ తీగ. చెక్క అరగడం బాగా తగ్గుతుంది, వేలు జారినప్పుడు వచ్చే కీచుదనం దాదాపు పోతుంది. మన పాటల్లో జారు గమకాలు ఎక్కువ కాబట్టి ఈ రెండో లాభాన్ని నేను మొదటిదానికన్నా ఎక్కువగా లెక్కిస్తాను. ఫ్రెట్‌లెస్‌కు ప్రత్యేకమైన ఆ మూలుగు లాంటి నాదం ఫ్లాట్‌వౌండ్‌తో పోతుందని చాలామంది భయపడతారు. కొంత తగ్గే మాట వాస్తవమే, కానీ తీగ కంపిస్తూ బోర్డును సన్నగా తాకడం వల్ల పుట్టే నాదం అది. అందుకే తీగల ఎత్తు, మెడ వంపు సరిచేయకుండా తీగలనే తప్పుపట్టడం న్యాయం కాదు. మన్యంకొండ జాతర వంటి ఆరుబయట వేదికల మీద చిన్న స్పీకర్లే దొరికినప్పుడు మాత్రం ఫ్లాట్‌వౌండ్ మసకబారుతుంది, ఎందుకంటే 41 హెర్ట్‌జ్ దగ్గరుండే అన్నిటికన్నా లావైన E తీగ మూలస్వరాన్ని ఆ పెట్టెలు పలకలేవు, పై ఉపస్వరాలు (ఓవర్‌టోన్లు) ఈ తీగల్లో సహజంగానే తక్కువ. అప్పుడు యాంప్‌లో బేస్ నాబ్ పెంచకుండా మిడ్ (మధ్యస్థాయి) నాబ్ పెంచండి.

గుండ్రటి చుట్టును పైన అరగదీసి నునుపు చేసిన హాఫ్‌రౌండ్ తీగలు మధ్యేమార్గం. ఫ్లాట్‌వౌండ్ మరీ మందంగా వినిపిస్తే వాటిని చూడవచ్చు. నైలాన్ పట్టీ చుట్టిన టేప్‌వౌండ్ తీగలు చెక్కకు అన్నిటికన్నా మేలు, లోపల ఉక్కే కాబట్టి తీగ కంపనాన్ని పట్టే అయస్కాంత పికప్‌లతోనూ పలుకుతాయి. అయితే వాటిలో చాలా సెట్లు బాగా లావు. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడులను వెడల్పు చేయించాల్సి వస్తుంది, ఒకసారి వెడల్పు చేస్తే సన్నతీగలు అందులో వదులుగా కదులుతాయి. మొదటి ప్రయత్నానికి నేను వద్దంటాను.

ఫ్లాట్‌వౌండ్‌లోనూ బిగువు అన్నిటికీ ఒకటి కాదు. డాడారియో క్రోమ్స్ బిగువుగా, కాస్త మెరుపుగా ఉంటాయి. వియన్నాలో తయారయ్యే థోమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ జాజ్ ఫ్లాట్స్ మెత్తగా ఉంటాయి కానీ ధర ఎక్కువ. ఎడమచేయి త్వరగా అలసిపోయేవారికి రెండోవే నయం. ధర చూసి వెనక్కి తగ్గకండి, ఈ రకం తీగలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. మన ఎండాకాలపు చెమటకు, వాయించిన వెంటనే పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు.

మీ బేస్ స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ వరకు తీగ పొడవు) 34 అంగుళాలైతే లాంగ్ స్కేల్ సెట్ అడగండి. నాలుగు తీగలూ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటిగా మార్చండి. పొడవు తగ్గించేముందు తీగను లంబంగా వంచి, ఆ వంపు అవతల కత్తిరించండి, లేకపోతే పైచుట్టు సడలి తీగ మూగబోతుంది. బిగువు మారితే మెడ వంపు కూడా మారుతుంది కనుక ఒక రోజు ఆగి ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ) సరిచూడండి. ఆ తరువాత పన్నెండో స్థానంలో హార్మోనిక్‌ను (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), అదే చోట సరిగ్గా గుర్తు మీద నొక్కిన స్వరాన్ని ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జ్ శాడిల్‌ను (కిందిచివర తీగ ఆనే ముక్క) వెనక్కి, తక్కువ పలికితే నట్ వైపు ముందుకు జరపాలి.